ముందు చేత్తో తిప్పండి: పాత డీజిల్ లోకోని బాగుచేసే వాలంటీర్ల కోసం

పదేళ్ళో ఇరవయ్యేళ్ళో ఎండకీ వానకీ సైడింగులో (పక్క పట్టాల మీద) నిలబడిపోయిన డీజిల్ లోకో, అంటే డీజిల్ రైలింజన్, ఒకటి మీ గ్రూపు చేతికి వచ్చిందనుకోండి. మొదటి రోజు అందరూ అడిగేది ఒకటే, "స్టార్ట్ అవుతుందా?" అని. ఎవరో ఒకరు ఆత్రం ఆపుకోలేక బ్యాటరీలు తెచ్చి తగిలిద్దాం అంటారు. ఆ పని మాత్రం చేయనివ్వకండి. అన్నేళ్ళూ బాగానే ఉన్న ఇంజిన్ ఆ ఒక్క స్టార్ట్‌తో పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగి మూలనపడిన సందర్భాలున్నాయి. నేను కొన్నేళ్ళుగా ఒక వాలంటీర్ గ్రూపులో ఈ పని చేస్తున్నాను. స్టార్ట్ బటన్ దాకా ఏ వరసలో వెళ్ళాలో, ఎక్కడ ఆగి చూసుకోవాలో నాకు తెలిసినంత రాస్తున్నాను. క్యాబ్ సీట్లు, అద్దాలు, పెయింట్ గురించి ఇందులో పెద్దగా ఉండదు, అవి ఎలాగూ అందరూ ఇష్టంగా చేసే పనులే.

ఇంకా లోకో చేతికి రాలేదు, చూడ్డానికే వెళ్తున్నారంటే పైన కనబడే తుప్పు చూసి బెదిరిపోకండి. రేకుకి తూట్లు పడితే కోసి వెల్డింగ్ చేసుకోవచ్చు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఎందుకు ఆపేశారు, నడుస్తూ వచ్చి ఆగిందా లేక ఫెయిలై ఆగిందా? ఆపిన రోజు కూలింగ్ నీళ్ళు డ్రెయిన్ చేశారా? చలి ప్రాంతమైతే ఇది చాలా ముఖ్యం, నీళ్ళు గడ్డకట్టి బ్లాక్ పగిలిందంటే వేరే ఇంజిన్ వెతుక్కోవడమే. ఇంజిన్ నడిపే జనరేటర్ కరెంటుతో చక్రాలని తిప్పే ట్రాక్షన్ మోటార్లు అన్నీ ఉన్నాయా, ఇంజిన్ వేగాన్ని అదుపులో పెట్టే గవర్నర్ ఉందా, లేక ఇంకో లోకో కోసం పీకేసుకున్నారా? వీలైతే క్రాంక్‌కేస్ (క్రాంక్‌షాఫ్ట్ తిరిగే ఇంజిన్ కింది పెట్టె) పక్క తలుపు ఒకటి తీసి టార్చ్ వేసి చూడండి. లోపల ఆయిల్ పొర ఇంకా మెరుస్తూ ఉంటే సగం టెన్షన్ తగ్గినట్టే.

స్పేర్ల సంగతి కూడా అప్పుడే ఆలోచించుకోవాలి. ఆల్కో 251 ఇంజిన్ అయితే అదృష్టం అనుకోండి, 1962లో మొదలైన మన డబ్ల్యూడీఎం 2 లోకోల్లో ఉన్నది అదే కాబట్టి దాన్ని విప్పి బిగించిన చేతులు, పాత పార్టులు, మాన్యువళ్ళు ఇంకా దొరుకుతాయి. ఈఎండీ 567, 645 ఇంజిన్లూ అంతే. అరుదైన ఇంజిన్ అయితే ఒక్క లోకోతో సరిపెట్టుకోవడం కష్టం, పార్టుల కోసం ఇంకో ఇంజిన్ కూడా సంపాదించి పెట్టుకోవాలి. అలాగని అరుదైన వాటిని వదిలేయమని నేను అనను. బ్రిటన్‌లో మొట్టమొదటి మెయిన్‌లైన్ డీజిల్ ఎలక్ట్రిక్ లోకోలు, 1947లో వచ్చిన 10000 నంబరుది, దాని జంట 10001, రెండూ 1968లో తుక్కు కింద కోసేశారు. ఒక్కటీ మిగల్లేదు. అదే దేశంలో డెల్టిక్ లోకోలు 22 తయారైతే ఇప్పటికీ 6 ఉన్నాయి, వాటిలో మూడింటిని డెల్టిక్ ప్రిజర్వేషన్ సొసైటీ అనే అభిమానుల సంఘమే కొని కాపాడింది. ఒక్కో సిలిండర్‌లో రెండేసి పిస్టన్లు ఎదురెదురుగా నడిచే, మామూలు మెకానిక్ ఎవరూ ముట్టుకోడానికి సాహసించని ఇంజిన్ అది. వాలంటీర్లు దాన్నే నేర్చుకున్నారు.

లోకోని మీ చోటికి లాక్కురావడం కూడా ఒక పనే. లాగేది వేరే లోకో కదా, మనదానికేం అవుతుంది అనుకుంటాం. కానీ చక్రాలు తిరిగితే యాక్సిల్ మీద కూర్చున్న ట్రాక్షన్ మోటార్లు కూడా తిరుగుతాయి. పాత లోకోల్లో ఆ మోటార్ యాక్సిల్ మీద ఆనే సస్పెన్షన్ బేరింగులకి ఆయిల్ అందించేది ఊలు వత్తులో ఫెల్ట్ వత్తులో, అవి ఏళ్ళ తరబడి ఎండిపోయి ఉంటాయి. అలాగే లాగితే కొన్ని కిలోమీటర్లలోనే బేరింగ్ వేడెక్కి కాలిపోతుంది. కదిలించే ముందు యాక్సిల్ బాక్సులు, సస్పెన్షన్ బేరింగులు, గేర్ కేసులు అన్నీ తెరిచి చూసి, నీళ్ళుంటే తీసేసి కొత్త ఆయిల్, గ్రీజు పెట్టండి. రివర్సర్ (ముందుకా వెనక్కా అని మార్చే హ్యాండిల్) న్యూట్రల్‌లో ఉందా, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా వదిలిందా చూడండి. దారిలో ఆగిన ప్రతిచోటా దిగి చేత్తో తాకి వేడి చూసుకోండి.

లోకో వచ్చాక మొదటి పని రిపేరు కాదు, వాన ఆపడం. ఎగ్జాస్ట్ గొట్టం మీద గట్టి మూత వేయండి, టార్పాలిన్ కట్టి ఊరుకుంటే గాలికి అది చిరుగుతుంది. పైకప్పు హ్యాచ్‌ల రబ్బర్లు, రేడియేటర్ ఫ్యాన్ మీది జాలీలు, క్యాబ్ పైకప్పు అతుకులు చూడండి. ఎలక్ట్రికల్ క్యాబినెట్ మీదకి చుక్క పడుతుంటే ఆ రోజే ఆపాలి. షెడ్డు లేకపోయినా సరే, ఇంజిన్ గది పొడిగా ఉంటే ఆ లోకో ఇంకో రెండేళ్ళు మీకోసం ఆగుతుంది, తడిగా ఉంటే మీరు ఒకచోట బాగుచేస్తుంటే అది ఇంకోచోట పాడవుతూ ఉంటుంది. ఎలకలు, పక్షి గూళ్ళు, కందిరీగ పట్లు కూడా అప్పుడే తీసేయండి, ఎయిర్ ఇన్‌టేక్ లోపల వేలు పెట్టి మరీ వెతకండి.

విప్పడం మొదలుపెట్టే ముందు ఇంకో మాట. ఈ లోకోలు తయారైన కాలంలో ఆస్బెస్టాస్ వాడని చోటు లేదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి చుట్టిన తెల్లటి గుడ్డలాంటిది, క్యాబ్ గోడల్లోని షీట్లు, కాంటాక్టర్లలో (పెద్ద కరెంటు స్విచ్‌లు) నిప్పురవ్వని ఆర్పే ఆర్క్ చూట్‌లు, గాస్కెట్లు, అన్నిట్లో ఉండొచ్చు. టెస్ట్ చేయించకుండా గీకొద్దు, చీపురు పెట్టి ఊడవొద్దు, ఉందని తేలితే లైసెన్సు ఉన్నవాళ్ళతోనే తీయించండి. పాత పెయింట్‌లో సీసం ఉంటుంది, కాబట్టి గ్రైండర్ పెట్టి దుమ్ము లేపకండి. పాత కెపాసిటర్ల నుంచి ఆయిల్ కారుతుంటే అందులో పీసీబీలనే విష రసాయనాలు ఉండొచ్చు, ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. రేడియేటర్ నుంచి పసుప్పచ్చ నీళ్ళు వచ్చాయంటే అది తుప్పు పట్టకుండా కలిపే క్రోమేట్ అయ్యుండొచ్చు, విషం, కాలువలోకి వదలొద్దు. వాలంటీర్లు సెలవు రోజున సంతోషంగా వచ్చేవాళ్ళు, వాళ్ళ ఊపిరితిత్తులు పాడుచేసి పంపే హక్కు ఎవరికీ లేదు.

ఇప్పుడు మనుషుల గురించి. రోజూ డ్యూటీకి వచ్చే షెడ్డు స్టాఫ్ వేరు, వాలంటీర్లు వేరు. ఈ ఆదివారం వాల్వ్ కవర్ విప్పిన అబ్బాయి మళ్ళీ రెండు నెలల దాకా రాకపోవచ్చు, ఆ బోల్టులు ఎక్కడ పెట్టాడో ఎవరికీ తెలియదు. అందుకని విప్పిన ప్రతిదానికీ చీటీ కట్టాలి: ఏ పార్టు, ఏ వైపు, ఎన్నో సిలిండర్, తేదీ, విప్పినవాళ్ళ పేరు. బోల్టులు సంచిలో వేసి ఆ పార్టుకే కట్టేయాలి. వైరు విప్పే ముందు ఫోటో తీసి, రెండు కొసలకీ నంబరు ట్యాగ్ వేయాలి, ఎందుకంటే నలభై యాభై ఏళ్ళ మురికి కింద అన్ని వైర్లూ నల్లగా ఒకేలా కనబడతాయి. ఒక లావుపాటి నోట్‌బుక్ క్యాబ్‌లోనే ఉండాలి, ఇంటికి వెళ్ళేముందు ఆ రోజు చేసిన పని, సగంలో వదిలేసిన పని రెండూ రాసి వెళ్ళాలి. సగంలో వదిలేసినవే ముఖ్యం. ఇంజిన్‌కి ఒకరు, ఎలక్ట్రికల్‌కి ఒకరు, బ్రేకులకి ఒకరు అని బాధ్యత పెట్టి, ఆ మనిషికి చెప్పకుండా ఆ సిస్టంలో ఎవరూ చెయ్యి పెట్టకూడదని ముందే గట్టిగా చెప్పేయండి. బ్యాటరీ కరెంటు మొత్తం ఆపే నైఫ్ స్విచ్ తీసి దానికి తాళం, "పని జరుగుతోంది" అని బోర్డు. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఇక ఇంజిన్. నేనైతే నీళ్ళతో మొదలుపెడతాను. సంప్‌లోని (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) పాత ఆయిల్ తీసేసి, అందులోంచి కొంచెం శాంపిల్ ల్యాబ్‌కి పంపండి, సీసం, రాగి ఎక్కువ కనబడితే బేరింగులు అరిగాయని అర్థం. తర్వాత సంప్ ఖాళీగా, క్రాంక్‌కేస్ తలుపులన్నీ తెరిచి ఉంచి, కూలింగ్ సిస్టంలో మామూలు నీళ్ళు నింపండి. ఒక రాత్రంతా అలాగే వదిలేయండి. పొద్దున్న టార్చ్ తీసుకుని ఒక్కొక్క తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని పైకి చూడాలి. సిలిండర్ లైనర్ (పిస్టన్ కదిలే లోపలి గొట్టం) అడుగున రబ్బరు రింగులుంటాయి, అవి ఏళ్ళకేళ్ళు ఎండి గట్టిపడి పట్టు వదిలేస్తాయి. లైనర్ అంచున ఒక్క నీటి చుక్క వేలాడుతూ కనబడినా ఆ లైనర్ బయటికి రావాల్సిందే. ఈ పరీక్షకి ఖర్చయ్యేది నీళ్ళూ ఓపికే. చేయకపోతే ఆ నీళ్ళు రేపు కొత్త ఆయిల్‌లో కలిసి మెయిన్ బేరింగుల్ని తినేస్తాయి.

లైనర్లు పొడిగా ఉన్నాయని తేలాక తలుపులు మూసి, సంప్‌లో ఆ ఇంజిన్‌కి చెప్పిన గ్రేడు ఆయిల్ పోసి, ఫిల్టర్లు మార్చి, విడిగా ఒక మోటార్ పంపు పెట్టి ఆయిల్‌ని సిస్టంలోకి నెట్టండి. రాకర్ కవర్లు (వాల్వులని నొక్కే మీటల మీది మూతలు) తీసి చూస్తూ ఉండండి, ప్రతి సిలిండర్ దగ్గరా రాకర్ల మీద ఆయిల్ ఊరాలి. ఒకచోట రాలేదంటే ఆ దారి మూసుకుపోయింది, విప్పి శుభ్రం చేయకుండా ముందుకి వెళ్ళొద్దు.

అప్పుడు చేత్తో తిప్పడం. ప్రతి సిలిండర్ హెడ్‌కీ (పైమూతకీ) ఉండే డీకంప్రెషన్ ప్లగ్ లేదా టెస్ట్ కాక్ తెరవండి. ఫ్లైవీల్ దగ్గర బారింగ్ (ఇలా చేత్తో తిప్పడం) కోసం ఉన్న కన్నాల్లో కడ్డీ పెట్టి నెమ్మదిగా తిప్పండి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ అయితే క్రాంక్‌షాఫ్ట్ రెండు పూర్తి చుట్లు తిరిగితేనే అన్ని సిలిండర్లూ కంప్రెషన్‌కి వచ్చినట్టు, రెండు స్ట్రోకులదైతే ఒక చుట్టు చాలు. ఎక్కడైనా గట్టిగా ఆగితే పొడుగు పైపు తగిలించి బలం పెట్టకండి, వెనక్కి తిప్పి, ఏది అడ్డం వస్తోందో వెతకండి.

మా లోకోకి ఇది చేసిన రోజు చెప్తాను. నీళ్ళ పరీక్షలో లైనర్లన్నీ పొడిగా ఉన్నాయి, అందరం హుషారుగా ఉన్నాం. రిటైరైన లోకో ఫిట్టర్ ఒకాయన మాతో వస్తుంటారు, అందరం బాబాయ్ అని పిలుస్తాం. ఆయన ప్లగ్గుల పక్కన నిలబడి, మేం ముగ్గురం కడ్డీ పట్టుకున్నాం. మొదటి చుట్టు సగం తిరిగిందో లేదో ఏడో సిలిండర్ ప్లగ్ నుంచి బుస్సుమని గాలి, వెంటనే తుప్పు రంగు నీళ్ళు సన్నటి ధారగా ఎగిరి ఎదుటి తలుపుకి కొట్టాయి. "ఆపండ్రా అబ్బాయిలూ" అన్నారు బాబాయ్, అని ఆ తడి రేకు మీద వేలు పెట్టి చూపించారు. హెడ్‌లో సన్న పగులుంది, రాత్రి నింపిన నీళ్ళు దాన్లోంచి పిస్టన్ మీదకి దిగాయి. ఆల్కో 251లో ఒక్కో సిలిండర్ దాదాపు 11 లీటర్లు, పిస్టన్ పైకంటా వచ్చినప్పుడు మిగిలే చోటు లీటరుకి అటూ ఇటూ మాత్రమే. నీళ్ళు గాలిలా నలగవు. ప్లగ్ బిగించి ఉండగా బ్యాటరీతో తిప్పి ఉంటే రాడ్ వంగేది, లేదా హెడ్ లేచిపోయేది. మాకు పోయింది ఒక హెడ్, మూడు ఆదివారాలు. అప్పటినుంచి ఏ పాత లోకో దగ్గరైనా, నెల రోజులు ఆపి మళ్ళీ స్టార్ట్ చేసేటప్పుడైనా, ప్లగ్గులు తీసి చేత్తో తిప్పకుండా మేం బటన్ దగ్గరికి వెళ్ళం.

ఇంధనం వైపు పని తేలికే కానీ మురికి. ట్యాంకు అడుగు డ్రెయిన్ తెరిస్తే ముందు నీళ్ళు, తర్వాత జిగురులాంటి నల్లటి బురద వస్తుంది, నీళ్ళూ డీజిలూ కలిసే చోట పెరిగే సూక్ష్మజీవుల పని అది. ట్యాంకు పూర్తిగా కడగండి, ఫిల్టర్లు మార్చండి, ఇంజెక్టర్లన్నీ తీసి టెస్ట్ బెంచి మీద పెట్టించండి. అన్నిటికంటే ముఖ్యం ఫ్యూయల్ పంపుల ర్యాక్‌లు, అంటే ఒక్కో సిలిండర్‌కి ఎంత డీజిల్ వెళ్ళాలో మార్చే జారుడు కడ్డీలు. గవర్నర్ లింకు విప్పి ఒక్కొక్క ర్యాక్‌ని వేళ్ళతో లోపలికీ బయటికీ జరిపి చూడండి. బరువు లేకుండా, ఎక్కడా పట్టకుండా జారాలి, వదిలితే సున్నా వైపు పోవాలి. ఒక్క ర్యాక్ తెరుచుకుని ఇరుక్కుపోయినా స్టాప్ నొక్కితే ఆ సిలిండర్ ఆగదు, కొన్ని కలిసి ఇరుక్కుంటే ఇంజిన్ చేయి దాటి స్పీడు పెరిగిపోతుంది. వేగం మితిమీరితే ఇంజిన్‌ని ఆపే ఓవర్‌స్పీడ్ ట్రిప్‌ని కూడా చేత్తో పనిచేయించి చూడండి.

కరెంటు వైపు పనికి తెలిసినవాళ్ళు కచ్చితంగా ఉండాలి. జనరేటర్‌నీ మోటార్లనీ ముందు పొడి గాలితో, బ్రష్‌తో శుభ్రం చేసి, తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) ఇన్సులేషన్ చూడాలి, ఎలక్ట్రానిక్ కార్డులేమైనా ఉంటే ముందే విడదీసి. 1970కి ముందు చుట్టిన వైండింగులకి పాత లెక్క ఒకటుంది: రేటెడ్ వోల్టేజీని కిలోవోల్టుల్లో రాసి దానికి ఒకటి కలిపితే కనీసం అన్ని మెగోమ్‌లు రావాలి. మొదటి రోజు రీడింగ్ దాదాపు సున్నా వస్తే గుండె జారిపోతుంది, కానీ చాలాసార్లు అది కాలిపోయిన వైండింగ్ కాదు, తేమ. గుడ్డ కప్పి లోపల చిన్న హీటర్లో బల్బులో పెట్టి వారాల తరబడి మెల్లగా ఆరబెట్టండి, రోజూ ఒకే టైముకి రీడింగ్ రాసుకోండి. ముందు కొంచెం పడిపోయి తర్వాత పెరుగుతూ వస్తుంది, కంగారుపడకండి. కార్బన్ బ్రష్‌లు ఆనే రాగి భాగం, అంటే కమ్యుటేటర్, చాక్లెట్ రంగులో నున్నగా ఉంటే ముట్టుకోకుండా వదిలేయడమే మేలు. శుభ్రం చేయాల్సి వస్తే దానికోసమే ఉన్న రాయి వాడండి, ఎమరీ పేపర్ వద్దు, ఆ రేణువులు కరెంటు ప్రవహింపజేస్తాయి, సెగ్మెంట్ల మధ్య ఇరుక్కుంటే షార్ట్ అవుతుంది. కార్బన్ బ్రష్‌లు హోల్డర్లలో స్వేచ్ఛగా కదలాలి.

బ్యాటరీలు చాలా లోకోల్లో 32 లెడ్ యాసిడ్ సెల్స్, 64 వోల్టులు, కొన్నిట్లో 110 దాకా. పాతవి దాదాపు ఎప్పుడూ పనికిరావు, కొత్తవే కొనాలి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి బాక్సు మూతలు తెరిచి పెట్టండి.

బ్రేకులకి గాలి నిలవచేసే ట్యాంకులు ప్రెషర్ వెసల్స్ అని మర్చిపోకండి. లోపలి తుప్పు బయటికి కనబడదు. మందం కొలిపించి, నీళ్ళు నింపి హైడ్రాలిక్ టెస్ట్ చేయించి, సర్టిఫికెట్ చేతికొచ్చాకే కంప్రెసర్ కలపండి. గాలితో టెస్ట్ చేస్తే ట్యాంకు పగిలినప్పుడు బాంబులా పేలుతుంది. సేఫ్టీ వాల్వులు, బ్రేక్ వాల్వుల రబ్బర్లు అన్నీ మార్చుకోవాల్సిందే. యాక్సిళ్ళకి అల్ట్రాసానిక్ టెస్ట్, చక్రాల ఫ్లాంజ్‌కి గేజ్, ఇవి మీరు నడపబోయే లైను వాళ్ళు ఎలాగూ అడుగుతారు.

మొదటి స్టార్ట్ రోజున జనాన్ని పిలవకండి. అవసరమైన ఐదారుగురు చాలు, ఎవరు ఎక్కడ నిలబడాలో ముందే రాసుకోండి. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి అడ్డులు పెట్టి, రివర్సర్ న్యూట్రల్. అగ్నిమాపక సిలిండర్లు రెండు వైపులా. ఎయిర్ ఇన్‌టేక్ దగ్గర ఒక మనిషి, చేతిలో దాన్ని పూర్తిగా మూసే ప్లైవుడ్ పలక. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే చక్రం) సీల్ పోయి లూబ్ ఆయిల్ లోపలికి వస్తే డీజిల్ ఆపినా ఇంజిన్ ఆ ఆయిల్ మీదే నడుస్తుంది, అప్పుడు గాలి ఆపడమొక్కటే మార్గం. చేత్తో ఇంకోసారి తిప్పి, కడ్డీ బయటికి తీశారని కళ్ళతో చూసి, ప్లగ్గులు బిగించి, ముందుగా ఆయిల్ పంపు నడిపి, అప్పుడు బటన్.

అంటుకోగానే ముందు చూడాల్సింది ఆయిల్ ప్రెషర్ గేజ్, పొగ కాదు. కొన్ని సెకన్లలో ముల్లు లేవకపోతే ఆపేయండి. చల్లటి ఇంజిన్‌కి తెల్ల పొగ మామూలే, వేడెక్కాక పోవాలి. పోకపోతే ఏదో సిలిండర్ సరిగ్గా మండట్లేదు, లేదా నీళ్ళు వస్తున్నాయి. నీలం పొగ అయితే లూబ్ ఆయిల్, లోడ్ లేకుండానే నల్ల పొగ వస్తుంటే ఇంజెక్టర్లో గాలి దారో చూడాలి. పది నిమిషాలు ఐడిల్‌లో నడిపి ఆపండి. ఆపగానే క్రాంక్‌కేస్ తలుపు తీసి బేరింగులు తాకి చూద్దామనిపిస్తుంది, వద్దు. ఏదైనా బేరింగ్ కాలుతూ ఉంటే లోపలి ఆయిల్ ఆవిరి తాజా గాలి తగిలి పేలుతుంది. రెండు గంటలు ఆగండి, తర్వాత తీసి ఒక్కొక్కటీ చూడండి, సంప్‌లో మెరుపు ముక్కలేమైనా ఉన్నాయేమో వెతకండి.

ఇలా పది నిమిషాలు, అరగంట, గంట అని పెంచుకుంటూ పోయాక, కదిలించే ముందు వీలైతే లోడ్ బాక్సుకి (జనరేటర్ కరెంటుని వేడిగా ఖర్చుచేసే పెట్టె) కలిపి నాచ్ నాచ్‌గా, అంటే థ్రాటిల్ మెట్టు మెట్టుగా పెంచుతూ, లోడ్ ఇవ్వండి. ఎన్నో గంటలు ఐడిల్‌లో నడిచిన ఇంజిన్ ఎగ్జాస్ట్‌లో ఆయిల్ పేరుకుని ఉంటుంది, మొదటిసారి లోడ్ పడగానే అది నిప్పురవ్వలుగా, నల్లటి తుంపరగా పైకి ఎగురుతుంది. పైన వైర్లు, దగ్గర్లో ఎండు గడ్డి లేని చోట చేయండి, కొత్తగా పెయింట్ వేసిన రైలు పెట్టెలు పక్కన ఉంచకండి. పెయింట్ కూడా ఇదంతా అయ్యాకే. మా లోకో మొదటిసారి సొంతంగా కదిలిన రోజు బాడీ నిండా ప్రైమర్ మచ్చలే, ఒక పక్క అద్దాల్లేవు. బ్రేకులు మూడుసార్లు వేసి చూసి, అడ్డులు తీసి, మొదటి నాచ్‌లో నడక వేగంతో ఇరవై మీటర్లు ముందుకి, ఇరవై మీటర్లు వెనక్కి. దిగి, ఆరు మోటార్ల బేరింగులూ వరసగా తాకి చూశాం, అన్నీ చల్లగానే ఉన్నాయి. నోట్‌బుక్‌లో ఆ ఆరు నంబర్లకీ ఎదురుగా అదే రాశాం.